రెండు గుండ్లు, ఒకే మైదానం: వయసు, ఆడమగ తేడా, కండబలం

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో అలారాలు నాలుగున్నరకే మోగుతాయి. పగలంతా కోచింగ్ సెంటర్లలో లెక్కలు, రీజనింగ్ చదివే పిల్లలు తెల్లారకముందే బూట్లు బిగించుకుని సరూర్‌నగర్ స్టేడియం వైపో, దగ్గర్లో ఖాళీ జాగా ఎక్కడుంటే అటో బయల్దేరతారు. వాళ్ళందరికీ కొన్ని అంకెలు కంఠతా వచ్చు. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022లో పెట్టిన దేహదారుఢ్య పరీక్షల ప్రకారం మగ అభ్యర్థి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్‌లో 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆడ అభ్యర్థికి 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు, 2.5 మీటర్ల లాంగ్‌జంప్. 4 కిలోల గుండు, 4 మీటర్ల దూరం. మాజీ సైనికులకు మూడో కొలత: 1600 మీటర్లకు 9 నిమిషాల 30 సెకన్లు, లాంగ్‌జంప్ 3.5 మీటర్లు. గుండు మాత్రం వాళ్ళకూ అదే 7.26 కిలోలు, అదే 6 మీటర్లు.

వయసు, ఆడమగ తేడా మనిషి సత్తువను ఏం చేస్తాయన్న ప్రశ్నకు మన పరిసరాల్లో దొరికే తేటైన లెక్క ఈ మూడు వరసలే. వయసు మళ్ళిన మాజీ సైనికులకు పరుగులో, లాంగ్‌జంప్‌లో సడలింపు ఇచ్చి గుండు దగ్గర ఇవ్వలేదు. ఆడపిల్లలకు అన్నిట్లో ఇచ్చారు, అదీ చాలా ఎక్కువగా. ఇందులో ఎంత దేహం పెట్టిన హద్దు? ఎంత మనం పెట్టిన హద్దు? గత కొన్ని దశాబ్దాల పరిశోధనలను దగ్గర పెట్టుకుని చూస్తే నాకు తేలింది ఒకటే: వయసు, ఆడమగ తేడా నిజమైనవే, కానీ వాటి ఖాతాలో మనం రాస్తున్న నష్టంలో పెద్ద వాటా వాడకపోవడం వల్ల వచ్చింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు.

బలం వేరు, దమ్ము వేరు

ఫిట్‌గా ఉన్నాడు, ఉంది అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు సంగతులున్నాయి. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కగలిగితే అది దమ్ము, అంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తం కలిసి కండకు ప్రాణవాయువు అందించే శక్తి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ను నేల మీంచి లేపి స్టాండు మీద పెట్టగలిగితే అది కండబలం. ఎదురుగా దూసుకొచ్చిన బండిని చూసి చటుక్కున పక్కకు గెంతగలిగితే అది చురుకు, ఉన్న బలాన్ని క్షణంలో వాడగలగడం. స్నానాల గదిలో కాలు జారినా పడకుండా నిలదొక్కుకుంటే అది నిలకడ. వయసు ఈ నాలుగింటినీ ఒకే వేగంతో తగ్గించదు. ఆడమగ తేడా కూడా నాలుగింట్లో ఒకే మోతాదులో ఉండదు. ఈ విషయం మీద జనం చేసే వాదనల్లో సగం ఒకరు దమ్ము గురించి, మరొకరు బలం గురించి మాట్లాడటం వల్ల పుట్టినవే.

ఆడపిల్ల, మగపిల్లవాడు

తొమ్మిదేళ్ళ పిల్లలను ఒక గీత మీద నిలబెట్టి పరుగు పందెం పెడితే ఎవరు ముందొస్తారో చెప్పలేం. ఆ ఈడులో ఆడమగ తేడా స్వల్పం. యుక్తవయసు రాగానే దారులు చీలతాయి. పెద్దయ్యాక మగవాళ్ళ రక్తంలో టెస్టోస్టిరాన్ ఆడవాళ్ళలో కన్నా దాదాపు 15 రెట్లు ఉంటుంది. కండను పెంచేది, ఎముకను మందం చేసేది, రక్తంలో హిమోగ్లోబిన్‌ను పెంచేది ఆ హార్మోనే. 18 నుంచి 88 ఏళ్ళ మధ్య వయసున్న 468 మందికి ఎమ్మారై తీసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో మగవాళ్ళ ఒంట్లో సగటున 33 కిలోల కండ, ఆడవాళ్ళ ఒంట్లో 21 కిలోల కండ ఉన్నట్టు తేలింది. తేడా నడుముకు పైన ఎక్కువ, కింద తక్కువ. బలమూ అలాగే ఉంటుంది. చేతుల్లో, భుజాల్లో ఆడవాళ్ళ సగటు బలం మగవాళ్ళ బలంలో సగానికి కొంచెం పైన. కాళ్ళలో మూడింట రెండు వంతులు. ఇది కండ ఎంత ఉందన్న తేడా. ఒకే మందం ఉన్న కండ ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకే బలం చూపుతుంది.

అందువల్ల ఆడపిల్లలకు గుండు బరువు తగ్గించడంలో న్యాయముంది. దీనికి మన తెలుగు నేల నుంచే ఒక సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆవిడే. ఆ విభాగంలో స్వర్ణం 242.5 కిలోలకు దక్కింది. అదే ఒలింపిక్స్‌లో, అదే 69 కిలోల ఒంటిబరువున్న మగవాళ్ళలో స్వర్ణం 357.5 కిలోలకు దక్కింది. అంటే ఒంటిబరువు సమానమైనా, ఇద్దరూ ఏళ్ళ తరబడి సాధన చేసినా, ఎత్తే బరువులో ఆడవాళ్ళు మగవాళ్ళలో 68 శాతం దగ్గర ఉన్నారు. ఇది దేహం గీసిన గీత.

ఈ లెక్కకే ఇంకో ముఖం ఉంది. ఆధునిక ఒలింపిక్స్ 1896లో మొదలైనప్పుడే మగవాళ్ళ బరువుల పోటీ ఉంది. ఆడవాళ్ళకు ఆ వేదిక దొరికింది 2000లో, 104 ఏళ్ళ తర్వాత. అదే ఉత్తరాంధ్రలో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు కలియుగ భీముడని పేరు తెచ్చుకుంటే, ఆయన పేరు చెప్పుకుని తరాల తరబడి మగపిల్లలు దండీలు, బస్కీలు తీశారు. తాలింఖానా గుమ్మం దాటిన ఆడపిల్లను మల్లీశ్వరి తరానికి ముందు మనం చూసింది బహు తక్కువ.

ఇక పరుగు దగ్గరికి వద్దాం. ప్రపంచ రికార్డుల్లో 800 మీటర్లకు మగవాళ్ళ సమయం 1 నిమిషం 40.91 సెకన్లు, 2012లో డేవిడ్ రుడిషా పెట్టింది. ఆడవాళ్ళది 1983 నాటి 1 నిమిషం 53.28 సెకన్లు. వేగంలో చూస్తే ఆడవాళ్ళు 89 శాతం దగ్గరున్నారు. లాంగ్‌జంప్‌లో 8.95 మీటర్లకు 7.52 మీటర్లు, అంటే 84 శాతం. ఇప్పుడు మన పోలీసు పరీక్ష చూడండి. మగ అభ్యర్థి గంటకు 13.2 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలి, ఆడ అభ్యర్థి 9 కిలోమీటర్ల వేగంతో. 68 శాతం, అదీ దూరం సగానికి తగ్గించాక. లాంగ్‌జంప్‌లో 62.5 శాతం. కనీస అర్హతనూ ప్రపంచ రికార్డునూ ఒకే తక్కెడలో తూచలేమన్నది నిజమే. అయినా దేహం తనకు తానుగా పెట్టే తేడా పదీ పదిహేను శాతమైన చోట నియమం ముప్పై దాటిన తేడా ఒప్పుకుంటోందంటే, మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాల్సిందే.

మాజీ సైనికుడి వరస దీనికి జవాబు సూచిస్తుంది. 9 నిమిషాల 30 సెకన్లలో 1600 మీటర్లంటే గంటకు 10 కిలోమీటర్లు. సైన్యంలో ఏళ్ళు గడిపి బయటికొచ్చిన మనిషిని, ఇరవై రెండేళ్ళ అమ్మాయి పరుగెత్తాల్సిన దూరానికి రెట్టింపు దూరం, ఆమె కన్నా వేగంగా పరుగెత్తమంటోంది నియమం. మగవాడి దేహానికి ఉండే మొగ్గు ఇందులో కొంత ఉంది. ఏళ్ళ తరబడి రోజూ చేసిన కసరత్తు కూడా ఉంది. ఆ అమ్మాయికి అది ఎన్నడూ దొరకలేదు. ఏడో తరగతి దాకా తమ్ముడితో సమానంగా ఉరికిన పిల్ల ఆ తర్వాత ఆట మానేసింది. మళ్ళీ మైదానంలో కాలు పెట్టింది నోటిఫికేషన్ పడ్డాకే.

ఆమె రక్తం సంగతి కూడా చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది; మగవాళ్ళలో 15.3 శాతం. దమ్ము హిమోగ్లోబిన్ మీద నడిచేది. సగం మందికి పైగా పలచబడ్డ రక్తంతో పరుగు మొదలుపెడుతుంటే ఆ ఆయాసాన్ని ఆడపుట్టుక ఖాతాలో వేయడం అన్యాయం. హాస్టల్ భోజనంలో అన్నం కుప్పగా, పప్పు నీళ్ళగా ఉండే చోట ఐరన్ మాత్ర, గుడ్డు, ఆకుకూర కూడా ఆ పరుగు సాధనలో భాగమే.

సాధన చేస్తే ఎవరికి ఎంత ఫలం? ఈ ప్రశ్న మీద చేసిన అధ్యయనాలను కలిపి 2020లో సమీక్షించారు. మొదట ఎంత కండ ఉంటే అందులో ఎంత శాతం పెరుగుతుందన్న లెక్కలో ఆడమగ తేడా కనపడలేదు. కాళ్ళ బలంలోనూ లేదు. చేతులు, భుజాల బలంలో ఆడవాళ్ళ పెరుగుదల శాతం మగవాళ్ళ కన్నా కొంచెం ఎక్కువే ఉంది, ఎందుకంటే వాళ్ళు మొదలుపెట్టే చోటు కింద ఉంది. బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతామని జిమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయే అమ్మాయిలు ఈ మాట వినాలి. అంత కండ పెరగడానికి కావలసిన టెస్టోస్టిరాన్ వాళ్ళ ఒంట్లో లేదు. పెరిగేది బలం, ఎముక గట్టిదనం.

వయసు చేసేది, పడక చేసేది

దమ్ము ముప్పై ఏళ్ళ తర్వాత పదేళ్ళకు పది శాతం చొప్పున తగ్గుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. గుండె గరిష్ఠ వేగం తగ్గడం ఇందుకు ఒక కారణం. జిమ్ గోడల మీద కనపడే 220లోంచి వయసు తీసేసే సూత్రం కన్నా, 2001లో ఎన్నో అధ్యయనాలను కలిపి తేల్చిన లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది: వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. అరవై ఏళ్ళ మనిషికి పాత సూత్రం 160 చెబితే కొత్తది 166 చెబుతుంది. ఈ తగ్గుదల ఆపడం ఎవరి వల్లా కాదు. మిగతాదాంట్లో ఎంత వయసుది, ఎంత సోమరితనానిది అన్నది తేల్చిన ప్రయోగం ఒకటుంది.

అమెరికాలోని డల్లాస్‌లో 1966లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ళ దమ్ము దారుణంగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 1996లో, అదే అయిదుగురిని మళ్ళీ పరీక్షిస్తే తెలిసిందేమిటంటే, ముప్పై ఏళ్ళ వయసు వాళ్ళ దమ్మును తగ్గించిన దానికన్నా ఆ మూడు వారాల పడక తగ్గించిందే ఎక్కువ. ఆ యాభై ఏళ్ళవాళ్ళు ఆరు నెలలు క్రమంగా నడక, జాగింగ్, సైక్లింగ్ చేసేసరికి ముప్పై ఏళ్ళలో పోయిన దమ్మంతా తిరిగొచ్చింది. అయిదుగురే కావడం, అందరూ మగవాళ్ళే కావడం ఈ ప్రయోగానికున్న పరిమితి. అయినా ఇది చెప్పే పాఠం మన ఇళ్ళలో రోజూ కళ్ళముందు జరుగుతోంది. మోకాలు నొప్పనో, ఆపరేషన్ అయిందనో నెల రోజులు పడుకున్న పెద్దవాళ్ళు మళ్ళీ మునుపటిలా నడవలేకపోతే వయసు మీదపడిందంటాం. మీదపడింది పడక.

కండ కథ వేరు. నలభై అయిదు దాటాక తగ్గుదల స్పష్టంగా కనపడుతుంది, అదీ కాళ్ళలో ముందు. కండ తగ్గే వేగం కన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. అమెరికాలో 70–79 ఏళ్ళ 1,880 మందిని మూడేళ్ళు గమనిస్తే కాళ్ళలో కండ ఏడాదికి ఒక శాతం చొప్పున, బలం మూడు శాతం చొప్పున తగ్గాయి. ఆ వయసులో మగవాళ్ళు ఆడవాళ్ళ కన్నా వేగంగా బలం కోల్పోయారు. చురుకు ఇంకా ముందే పోతుంది. కారణం కండలోని పోగుల్లో ఉంది. గబుక్కున పనిచేసే పోగులకు వెన్నుపాము నుంచి ఆజ్ఞ తెచ్చే నరాలు వయసుతో రాలిపోతాయి. కొన్ని పోగులను నిదానంగా పనిచేసే నరాలు దత్తత తీసుకుంటాయి, మిగతావి ఎండిపోతాయి. గెంతడం, తూలినప్పుడు నిలదొక్కుకోవడం ఆ చురుకైన పోగుల పని. పెద్దవాళ్ళు పడిపోవడానికి మూలం ఇక్కడుంది. నిదానంగా చేసే నడక ఈ పోగులను పెద్దగా తట్టదు.

ఈ క్షీణతకు సార్కోపీనియా అని 1989లో పేరు పెట్టారు. ఆసియా దేశాల నిపుణులు 2019లో సవరించిన కొలతల్లో కొన్ని ఎవరైనా ఇంట్లో చూసుకోగలిగినవి. పిక్క చుట్టుకొలత మగవాళ్ళకు 34, ఆడవాళ్ళకు 33 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే జాగ్రత్త పడాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు పట్టిందంటే కాళ్ళు బలహీనపడ్డట్టు. పిడికిలి బలం మగవాళ్ళలో 28 కిలోలు, ఆడవాళ్ళలో 18 కిలోల కన్నా తగ్గకూడదు. పిడికిలిని అంత పట్టించుకోవడం ఎందుకంటే, భారత్ సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేల మందిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో పిడికిలి బలం ప్రతి 5 కిలోలు తగ్గినకొద్దీ మరణాల ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువగా కనపడింది.

మరి పోయిన కండబలం తిరిగొస్తుందా? 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ ప్రాంతంలో ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. అవి లాంఛనానికి పెట్టిన తేలిక బరువులు కావు, వాళ్ళ శక్తికి నిజంగా బరువైనవి. చివరిదాకా చేసిన తొమ్మిది మంది కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది, నడక వేగం పెరిగింది. 1994లో సగటున 87 ఏళ్ళున్న వంద మందితో మళ్ళీ చూసినా ఫలితం నిలబడింది. తొంభై ఏళ్ళ కండ కూడా అడిగితే పలుకుతుందని తేలి ముప్పై ఏళ్ళు దాటింది. మన వీధుల్లో ఆ కబురు ఇంకా అందలేదు.

రెండూ కలిసే చోటు: నలభై అయిదేళ్ళ ఆడమనిషి

వయసూ ఆడపుట్టుకా ఒకదాని మీద ఒకటి పడే మలుపు ముట్లుడిగే వయసు. మన దేశంలో అది 46 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గగానే ఎముక అరుగుదల వేగమవుతుంది, కండ పట్టు సడలుతుంది, నడుం చుట్టూ కొవ్వు చేరుతుంది. మొదట్నుంచీ కండ నిల్వ తక్కువున్న దేహం ఇక్కడ గట్టి దెబ్బ తింటుంది. బ్యాంకులో మగవాడి దగ్గర 33 ఉంటే ఆమె దగ్గర 21 ఉందనుకోండి; ఇద్దరూ ఒకే శాతం చొప్పున ఖర్చుపెట్టినా ముందు కష్టాల్లో పడేది ఆమె. పైగా ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు. బలం చాలని ఏళ్ళు వాళ్ళకే ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మలుపును మనం ఇంకా ముందుకు లాక్కొచ్చాం. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ముప్పై అయిదేళ్ళకే ఆ ఆపరేషన్ అయిన ఆడమనిషికి ఎముక, కండ కాపాడుకునే కసరత్తు గురించి చెప్పాల్సిన రోజు, కుట్లు విప్పే రోజు. చాలామందికి దక్కే సలహా మాత్రం బరువు ఎత్తకమ్మా అన్నదే. మానే దాకా అది సరైన మాట. ఆ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎలా పెంచాలో చెప్పకపోతే ఆ జాగ్రత్తే జీవితాంతపు బలహీనత అవుతుంది.

ఇంటిపనితోనే వ్యాయామం అయిపోతుందన్న మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. గంటల తరబడి నిలబడటం అలసట ఇస్తుంది, కండను పెంచదు. కండ పెరగాలంటే అలవాటైన బరువు కన్నా కొంచెం ఎక్కువ బరువు మోయాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి, తగిన తిండి ఉండాలి. ఎల్బీనగర్ చుట్టుపక్కల లేస్తున్న అపార్ట్‌మెంట్లలో తల మీద ఇసుక తట్టలు మోసే ఆడకూలీలను చూస్తే ఆడవాళ్ళ బలం ఏపాటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ విశ్రాంతీ తిండీ లేని మోత వాళ్ళ మెడనూ మోకాళ్ళనూ అరగదీస్తుంది. ఒకరికి మోత మరీ ఎక్కువ, మరొకరికి అసలు లేదు. ఇద్దరి ఆరోగ్యమూ దెబ్బతింటోంది.

హైదరాబాద్ పక్క ఊళ్ళు చెప్పిన మాట

ఇవన్నీ పరాయి దేశాల లెక్కలంటారేమో. మన దగ్గరే ఒక విలువైన అధ్యయనం ఉంది. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో ఒక పోషకాహార ప్రయోగం జరిగింది. 15 ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు తిండి అందింది. మిగతా 14 ఊళ్ళకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలూ వాళ్ళ సహచరులూ వాళ్ళను మళ్ళీ వెతికి పట్టుకున్నారు. సగటున ఇరవై ఏళ్ళ వయసున్న 1,446 మందికి కండ ఎంతుందో స్కానింగ్‌లో చూశారు, పిడికిలి బలం కొలిచారు.

పసితనంలో తిన్న అదనపు తిండి వల్ల ఇరవై ఏళ్ళకు కండ, పిడికిలి బలం పెరిగినట్టు కనపడలేదు. ఇప్పుడు తింటున్న తిండి, ఇప్పుడు చేస్తున్న ఒంటి పని, ఇప్పటి బతుకు తీరు ఎంత బాగుంటే కండా బలమూ అంత బాగున్నాయి. చిన్నప్పటి తిండి దండగని దీనర్థం కాదు. అదే పిల్లల్లో పదిహేనేళ్ళ ప్రాంతంలో చూసినప్పుడు ఎత్తులోనూ రక్తనాళాల ఆరోగ్యంలోనూ మేలు కనపడింది. కానీ కండ విషయంలో నిన్నటి రాత కన్నా ఇవాళ్టి పని గొప్పదని మన ఊరి పిల్లలే నిరూపించారు. వాళ్ళలో ఆడవాళ్ళు 32 శాతమే. పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళిపోయిన ఆడపిల్లలను వెతకడం ఇలాంటి అధ్యయనాలన్నిటికీ కష్టం. ప్రపంచమంతటా ఇదే లోటు: 2014–20 మధ్య వచ్చిన క్రీడా, వ్యాయామ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో ఆడవాళ్ళు 34 శాతం మాత్రమే. ఆడవాళ్ళ దేహం గురించి మనకున్న జ్ఞానంలో చాలాభాగం మగవాళ్ళ మీద కొలిచి అన్వయించుకున్నది.

ఒంటి పని ఎంత తగ్గిందో కూడా లెక్కలున్నాయి. 2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మంది చాలినంత కదలడం లేదు: ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. 2000లో ఈ సంఖ్య మొత్తం మీద 22 శాతం. ఇరవై రెండేళ్ళలో మన జన్యువులు మారలేదు. పీట మీద కూర్చుని తినడం పోయి డైనింగ్ టేబుల్ వచ్చింది, అంటే రోజుకు పదిసార్లు తీసే బస్కీలు పోయాయి. వీధి చివరి దుకాణానికి కూడా బండి మీదే వెళుతున్నాం.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు గట్టి జవాబు ఇంకా లేదు. నెలసరి రోజులను బట్టి కసరత్తు మార్చుకోవాలన్న మాట బాగా వినపడుతోంది. అధ్యయనాలన్నీ కలిపి 2020లో చూస్తే నెలసరి తొలి రోజుల్లో సత్తువ అతి స్వల్పంగా తగ్గవచ్చని మాత్రమే తేలింది, ఆ ఆధారాలూ బలహీనమైనవే. కాబట్టి ఎవరి ఒంటి తీరును బట్టి వాళ్ళు నడుచుకోవడం మేలు. మాంసకృత్తుల మోతాదు ఇంకో ప్రశ్న. మన జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు కిలో ఒంటిబరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలంటుంది. అరవై అయిదు దాటినవాళ్ళకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని ఇతర దేశాల వృద్ధాప్య నిపుణుల బృందాలు అంటున్నాయి. 55 కిలోల ఆవిడకు ఇది 46 గ్రాములకూ 66 గ్రాములకూ మధ్య తేడా. కిడ్నీ జబ్బు లేనివాళ్ళు రోజూ రెండు గుడ్లో, మరో గిన్నె గట్టి పప్పో, పెరుగో కలుపుకోవడానికి ఆ వాదం తేలేదాకా ఆగనక్కర్లేదు.

తేలిపోయినా జనంలో నిలిచిపోయిన అపోహలు కొన్ని ఉన్నాయి. బరువులెత్తితే పిల్లలు ఎత్తు పెరగరన్నది వాటిలో ఒకటి. తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో సరిగ్గా చేస్తే అలాంటి హాని లేదని పిల్లల వైద్యులు చెబుతున్నారు. రోజూ నడుస్తున్నాం, అది చాలన్నది మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు చేయమంటున్నాయి. 65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులు నిలకడ పెంచే కసరత్తు కూడా చేయాలి. మన దగ్గర ఈ సలహాలో మొదటి సగమే ప్రచారంలోకి వచ్చింది.

మైదానం మధ్యకు

ఈ లెక్కలన్నిటినీ ఇంటికి తెచ్చుకుంటే ఎవరికి వాళ్ళు చేయగల పని ఒకటి కనపడుతుంది. హాస్టల్లో ఉన్న అమ్మాయి పరీక్ష కోసం పరుగు మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. పరుగుతో పాటు వారానికి రెండు రోజులు బస్కీలు, గోడకు చేతులానించి దండీలు చేయాలి. కండలు రాలేదని దొంగచాటు స్టెరాయిడ్ ఇంజక్షన్ల వైపు చూసే అబ్బాయి అవి తన ఒంట్లో సహజంగా ఊరే టెస్టోస్టిరాన్‌ను ఆపేసి గుండెను దెబ్బతీస్తాయని తెలుసుకోవాలి. నలభై అయిదేళ్ళ ఆవిడ నీళ్ళ క్యాన్ ఎత్తడానికి కొడుకును పిలిచే ముందు అయిదేసి కిలోల రెండు బియ్యం సంచులతో మొదలుపెట్టి తన చేతులను, నడుమును ఆ పనికి సిద్ధం చేసుకోవచ్చు. అరవై దాటినవాళ్ళు డాక్టరుతో ఒకసారి మాట్లాడి, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చేస్తే చాలు. అది తేలికైన రోజున చేతిలో ఒక బరువు పట్టుకోవాలి. మెట్రో దిగినప్పుడు మోకాళ్ళు సహకరించేవాళ్ళు లిఫ్టు వదిలి మెట్లు ఎక్కాలి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. హైస్కూల్లో ఆడపిల్లల ఆట పిరియడ్‌ను ఎవరూ లాగేసుకోకూడదు. కాలనీ పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాలు పెట్టడంతో పని అయిపోదు. వాటిని వాడటం నేర్పే మనిషి, ఆడవాళ్ళు ధైర్యంగా వచ్చే వేళలు, వెలుతురు కావాలి. అలా పెరిగిన ఆడపిల్లలు ఒక తరం వస్తే ఆ 5 నిమిషాల 20 సెకన్లను తగ్గించే రోజు దానంతట అదే వస్తుంది.

ఏ మైదానంలోనైనా పొద్దున్నే ఒక దృశ్యం చూడవచ్చు. మధ్యలో ఇరవై ఏళ్ళవాళ్ళు గుండు విసురుతుంటారు. అంచుల వెంబడి అరవై ఏళ్ళవాళ్ళు చుట్టూ నడుస్తుంటారు. ఇద్దరి దారులూ కలవవు. ఉద్యోగం వచ్చిన మర్నాటి నుంచి ఆ పిల్లలు మధ్య భాగం వదిలేస్తారు. ఇరవై ముప్పై ఏళ్ళకు డాక్టరు చెబితే అంచుకు తిరిగొస్తారు. ఆ మధ్యకాలంలోనే కండ కరిగిపోతుంది. ఈసారి నడక ముగించుకుని ఇంటికి వెళ్ళే ముందు మైదానం మధ్యకు రండి. అక్కడున్న అమ్మాయిని అడిగి ఆ 4 కిలోల గుండు రెండు చేతుల్లోకి తీసుకోండి. విసరనక్కర్లేదు. ఛాతీకి ఆనించుకుని గ్యాలరీ మెట్టు మీద కూర్చుని, ఒకసారి లేవండి. లేవగలిగితే రేపు రెండుసార్లు. లేవలేకపోతే ఇవాళ గుండు లేకుండా లేవండి. ఆ అమ్మాయి మొదలుపెట్టిన చోటు కూడా అదే.